రేకుల షెడ్డులో కాపురం

మా తమ్ముడు సుధాకర్‌కి ఫోనులో మెల్లగా మాట్లాడ్డం చేతకాదు. ఇంజన్ల పక్కన పెరిగినవాడు కాబట్టి ఎదుటి మనిషికి చెవుడనుకునే మాట్లాడతాడు. మొన్నొక ఉదయం తెనాలి నుంచి ఫోను చేసి, "అక్కా, షెడ్డు లేచింది. అమ్మని తీసుకుని రా," అన్నాడు. నేను బాపట్లలో మా వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. పక్కన కుర్చీలో మా అమ్మ కరుణమ్మ ఎండలోకి కాళ్ళు చాపుకుని కూర్చుంది. వాడి గొంతు ఆవిడకి వినబడకూడదని ఫోను పట్టుకుని వంటింట్లోకి నడిచాను. వాడు ఎన్నో ఏళ్ళుగా అద్దె స్థలంలో వరికోత మిషన్లు బాగుచేస్తూ బతుకుతున్నాడు. ఇన్నాళ్ళకి సొంత ఇంటిని ఆనుకుని ఉన్న ఖాళీ జాగాలో పెద్ద ఇనప షెడ్డు వేసుకున్నాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలియనిది ఇంకొకటి చెప్పాడు. "అందులో ఒక మూల అమ్మకి గది కట్టించానక్కా. మన చిన్నప్పుడు షెడ్డులో ఎట్టా ఉన్నామో అట్టాగే. ఏసీ కూడా పెట్టించా. ఇకనుంచి అమ్మ నా దగ్గరే, ఆ గదిలోనే ఉంటది. నువ్వు మాత్రం ముందే చెప్పమాక. చూసి సంతోషపడాల."

నాన్న పోయిన దగ్గర్నుంచీ అమ్మ నా దగ్గరే ఉంటోంది. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ బడి నుంచి వచ్చేసరికి టీ కాచి ఉంచేది. ఇప్పుడు నేను కాచి ఇస్తున్నాను. ఆవిడ వెళ్ళిపోతుందంటే నాకు బాధ వేసింది, దాచుకోవడమెందుకు. కానీ కొడుకు అంత ప్రేమగా గది కట్టించి రమ్మంటే కాదనడానికి నేనెవర్ని? పైగా షెడ్డు అన్న మాట చెవిన పడగానే నాకు డీజిలూ, తడి మట్టీ, చింతచిగురు పప్పూ కలిసిన వాసన గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. నా దగ్గర చదువుకున్న పిల్లలందరికీ ఏదో ఒక రోజు మా షెడ్డు కథ చెప్పే ఉంటాను. మా చిన్నతనం గడిచినంత బాగా ఇంకెవరిదీ గడవలేదని నా గట్టి నమ్మకం. అమ్మకీ అట్లాగే ఉంటుందనుకున్నాను. పాత చోటు దొరికినట్టుంటుంది కదా, వెళ్ళనీ అని మనసుకి సర్దిచెప్పుకున్నాను.

మాది భట్టిప్రోలు దాటాక రేపల్లె వైపు, కాలవ గట్టు పక్కనున్న పల్లె. తాటాకు ఇల్లు, దాని ముందు ఇంటికి మించిన ఖాళీ జాగా. మా నాన్న పేరు యేసుపాదం. రోజూ ప్యాసింజరు బండిలో తెనాలి వెళ్ళి, ఎవరిదో షెడ్డులో ఆయిల్ ఇంజన్లూ ట్రాక్టర్లూ బాగుచేసి, పొద్దుగూకాక వచ్చేవాడు. రాగానే నూతి దగ్గర కూర్చుని చేతులు ముందు కిరసనాయిలుతో, తర్వాత బూడిదతో రుద్దుకుని, చివరికి సబ్బుతో కడుక్కునేవాడు. అయినా అన్నం కలిపే చేతికి డీజిలు వాసన వదిలేది కాదు. ఆయన కలిపి పెట్టిన ముద్ద తింటే మాకు ఆ వాసనే కమ్మగా ఉండేది. తాతయ్య, అంటే నాన్న తండ్రి, మా చర్చిలో పెద్ద. తెల్లవారగానే చుట్ట కాల్చుకుని, నోట్లో లవంగం పడేసుకుని, అప్పుడు బైబిలు ముట్టుకునేవాడు. "ఆ లవంగం దేవుణ్ణి మోసం చెయ్యడానికా?" అని నాన్న ఆటపట్టిస్తే, "దేవుడికి తెలుసురా. పాస్టరు గారికి తెలియకూడదు," అనేవాడు.

అమ్మ నాట్ల రోజుల్లో నాట్లకి, కోతల రోజుల్లో కోతలకి వెళ్ళి, మిగతా కాలమంతా గేదె చాకిరీ చేసేది. ఆవిడకి ఒక్కటే కోరిక ఉండేది. ఇటుక గోడలూ, పైన శ్లాబూ ఉన్న డాబా. ప్రతి వానాకాలం తాటాకు సందుల్లోంచి నీళ్ళు కారుతుంటే ఆవిడ గిన్నెలు పెట్టుకుంటూ ఇల్లంతా తిరిగేది. పాలు పోసి మిగుల్చుకున్నదాంతో పెనుమూడి రేవు నుంచి కృష్ణ ఇసుక తోలించుకుని, పెరట్లో ఒక మూల పోయించి, తాటాకులు కప్పి ఉంచింది. మా నల్లనేల వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలిస్తుంది. పునాది గోతుల్లో ముందు ఇసుక నింపితేనే పైన కట్టింది కదలకుండా ఉంటుంది. అందుకని మా వైపు ఇల్లు కట్టాలనుకున్నవాళ్ళు ఇటుకకంటే ముందు ఇసుక కూడబెడతారు. మేము గానీ ఆ కుప్పెక్కి ఆడామా, వీపు విమానం మోత మోగేది. కోళ్ళనీ పిల్లుల్నీ కూడా దాని దగ్గరికి రానిచ్చేది కాదు.

ఒకరోజు అన్నాల దగ్గర నాన్న సొంతంగా షెడ్డు వేస్తానన్నాడు. ఇంటి ముందు జాగాలోనే, గడ్డి ట్రక్కుతో సహా ట్రాక్టరు లోపలికి వచ్చేంత ఎత్తున వేస్తానన్నాడు. తాతయ్య తినడం ఆపేసి, "విమానం గానీ కొంటున్నావేంట్రా?" అన్నాడు. నాన్న నవ్వలేదు. తెనాలి షెడ్డుకి ఇంజన్లు తెచ్చే రైతులు, ఆయనకంటే చిన్నవాళ్ళు కూడా, "ఏరా యేసుపాదం, ఇంకెంతసేపురా?" అనేవాళ్ళు. అది మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన ఎప్పుడూ ఆ మాట ఎత్తేవాడు కాదు గానీ, అన్న రోజు ఇంటికొచ్చి ఎక్కువసేపు చేతులు కడుక్కునేవాడు. "సొంత షెడ్డుంటే బండి మన గుమ్మంలోకి వస్తది," అన్నాడు. అమ్మ గరిటె పట్టుకుని, "మరి ఇల్లో?" అంది. "షెడ్డు నిలబడితే ఇల్లెంతసేపు కరుణా? దాళ్వా అవ్వగానే మొదలెడదాం." దాళ్వా అంటే మా వైపు రెండో పంట వరి. అది చేతికొస్తే రైతుల దగ్గర డబ్బులాడతాయి, మెకానిక్కి కూడా నాలుగు డబ్బులొస్తాయి. "సరేనండి," అని అమ్మ పులుసు వడ్డించింది.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. నాన్న పాత రైసుమిల్లు విప్పుతున్న చోట ఇనప స్తంభాలు కొనుక్కొచ్చి, కాలవ కట్టేసి నేల పొడిగా ఉన్న రోజుల్లో గోతులు తవ్వుదామనుకున్నాడు. అది ఈస్టర్‌కి ముందు నలభై రోజుల ఉపవాస కాలమని తాతయ్య అడ్డం పడ్డాడు. "శ్రమ దినాల్లో కొత్త పని మొదలెట్టడమేంట్రా? ఈస్టర్ వెళ్ళాకే." ఆయన మాట కాదంటే చర్చిలో తలెత్తుకోలేం. సరే, ఈస్టర్ దాకా ఆగారు. అప్పుడు తాపీమేస్త్రి కోటయ్య తల గోక్కున్నాడు. "ఈస్టర్ అయిన వారానికే మూఢం వస్తందండి. మూఢంలో స్తంభం ఎత్తకూడదండి."

"మాకు మూఢాలు లేవుగా మేస్త్రీ," అన్నాడు నాన్న.

"మీకు లేవండి. ఎత్తే నాకున్నయ్యిగా," అన్నాడు కోటయ్య.

మూఢం వెళ్ళేదాకా ఆగుదామంటే ఈలోగా కాలవకి నీళ్ళొచ్చేస్తాయి. ఇద్దరి దేవుళ్ళకీ మధ్య ఒక్క వారం మిగిలింది. మూఢం ముందే పని కానిచ్చుకోవాలని ఊళ్ళో అందరికీ తొందరే కాబట్టి ఆ వారంలో ఇసుక బండి ఒక్కటి దొరికితే ఒట్టు. గోతులు తవ్వి ఉన్నాయి. కోటయ్య ఒకసారి పెరట్లో అమ్మ కుప్ప వైపు చూశాడు. అమ్మ గేదె పాలు పిండుతోంది, తల ఎత్తలేదు. నాన్నే అన్నాడు, "ఆ పక్కకి చూడమాక మేస్త్రీ. అది ఇంటిది. నేల రాయిలా ఉందిగా, ఇసుక లేకుండానే కానిద్దాం." అట్లా మా నల్లనేలలో ఇసుక లేని గోతుల్లో స్తంభాలు నిలబెట్టారు. ఊళ్ళో ఎవరూ చెయ్యని పని అది. చుట్టూ చేరినవాళ్ళందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తలేదు. ఎత్తితే శ్రమ దినాలు గొప్పవా మూఢం గొప్పదా అన్న తగువు మళ్ళీ మొదటికొస్తుందని వాళ్ళ భయం.

స్తంభాలు లేచాక పనంతా నాన్నదే. సెలవు పెట్టి మరీ ఒక్కడే దూలాలకి వెల్డింగు చేశాడు. నల్లద్దం మొహానికి అడ్డంపెట్టుకుని, "ఇటు చూడమాకండి, కళ్ళు పోతాయి," అని అరుస్తూ ఉండేవాడు. చూడొద్దన్నాక చూడకుండా ఉంటామా? రాత్రికి కళ్ళు మండితే అమ్మ గేదె పాలలో దూది ముంచి వేసేది. జింకు రేకులు పైకెక్కించిన రోజు ఆ మెరుపు రైల్లోంచి కూడా కనబడిందని ఊళ్ళోవాళ్ళు వచ్చి చెప్పారు. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. ఆయన వెళ్ళాక కోటయ్య గుమ్మంలో కొబ్బరికాయ కొట్టుకున్నాడు. ఆ కాస్తసేపూ తాతయ్య అటు తిరిగి చుట్ట వెతుక్కున్నాడు. నాన్న తెనాలి పని మానేశాడు.

కాలవకి నీళ్ళు వదిలారు. ఆ వెనకే తొలకరి పడింది. నెర్రెలిచ్చిన నేల నీళ్ళు తాగి ఉబ్బి, పడమటి వైపు స్తంభాల్ని పైకి ఎత్తేసింది. పైన రేకులు కిర్రుమన్నాయి. తలుపు చట్రం వంకరపోయి, పెద్ద ఇనప తలుపు మూసింది మూసినట్టే బిగుసుకుపోయింది. లోపల ఒక రైతు ఇంజను ఉంది. నారుమడికి నీళ్ళు తోడుకోవాలని ఆయన పొద్దున్నే వచ్చి, "ఏంట్రా యేసుపాదం, నా ఇంజన్ని జైల్లో పెట్టావా?" అన్నాడు. చేరినవాళ్ళంతా నవ్వారు. చివరికి గోడ రేకులు రెండు విప్పి ఇంజన్ని బయటికి లాగారు. కోటయ్య తప్ప అందరూ వెళ్ళాక నాన్న నూతి గట్టు మీద కూర్చుని, "రేపటి బండికి తెనాలి పోతా. మళ్ళీ రమ్మంటారేమో అడుగుతా," అన్నాడు. ఆయన అంత నీరసంగా మాట్లాడ్డం మేమెప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చింది.

అమ్మ చేట పక్కన పెట్టి లేచింది. "మేస్త్రీ, ఆ గోతులు మళ్ళీ తవ్వి నింపితే ఎంత ఇసుక పడద్ది?" అని అడిగింది. కోటయ్య నాన్న మొహం చూసి, "ఆ కుప్పంతా పడద్దమ్మా," అన్నాడు.

"అయితే ఎత్తండి."

"కరుణా, అది ఇంటికి కదా," అన్నాడు నాన్న.

"తెలుసండి. ఎత్తండి," అని ఆవిడే వెళ్ళి తాటాకులు తీసేసింది.

స్తంభం తర్వాత స్తంభం ఆనుగర్రల మీద నిలబెట్టి, గొయ్యి లోతు చేసి, ఇసుక పోసి, నీళ్ళు కొట్టి, దిమ్మిసతో కుదించారు. ఆ దెబ్బల చప్పుడు చాలా రోజులు విన్నాం. షెడ్డు నిటారుగా నిలబడింది, మరి కదల్లేదు. కానీ ఆ హడావుడిలో ఇంటి కప్పు మార్పించడం కుదరలేదు. నడివానల్లో మా తాటాకు ఇల్లు ఒకపక్కకి దిగిపోయింది. "ఈ వానలు వెళ్ళేదాకా షెడ్డులో ఉందాం," అన్నాడు నాన్న. తూర్పు వైపు రెండు స్తంభాల మధ్య మేర గోనెపట్టాల తెర కట్టి, అటు మంచాలూ పొయ్యీ, ఇటు ఇంజన్లూ పెట్టుకున్నాం. ఆ వానలు వెళ్ళాయి, ఆ తర్వాత చాలా వానలు వెళ్ళాయి. నేను టీచరు ట్రైనింగుకి వెళ్ళేదాకా మా కాపురం ఆ రేకుల కిందే సాగింది.

మాకు మాత్రం అది స్వర్గం. వాన పడితే రేకుల మోతకి ఒకరి మాట ఒకరికి వినబడేది కాదు, చదువుకోమని ఎవరూ అరిచే వీలుండేది కాదు. ఎండాకాలం రేకులు కాలిపోతుంటే అమ్మ ఆనపపాదు ఎక్కించి పైనంతా పాకించింది. కాయ కావాలంటే తమ్ముడు దూలం పట్టుకుని పాకి, రేకు సందులోంచి చెయ్యి పెట్టి కోసేవాడు. బేరింగులతో గోళీలాట, పాత ట్యూబులతో కాలవలో ఈత. సాయంత్రం కుటుంబ ప్రార్థనకి ట్రాక్టరు సీటు మీద తాతయ్య, కింద చాప మీద మేము. తాతయ్య ప్రార్థన మొదలుపెడితే ఆ పూట బాగుపడాల్సిన ఇంజన్లని కూడా పేరుపేరునా దేవుడికి అప్పజెప్పేవాడు. పొద్దున పూట వచ్చిన రైతులు అమ్మ పొయ్యి మీది పప్పు వాసన చూసి, "ఇయ్యాల ఏంటమ్మా కూర?" అని అడిగి కూర్చునేవాళ్ళు. కొంతమంది అన్నం తినే వెళ్ళేవాళ్ళు. రెండు మూడు పంటలు గడిచేసరికి వాళ్ళ నోట, "యేసుపాదం గారూ, కాస్త చూస్తారా?" అన్న మాట వచ్చింది. మొదటిసారి విన్న రోజు నాన్న రెంచి వెతుకుతున్నట్టు అటూ ఇటూ తిరిగాడు. తెర వెనక అమ్మ కూడా వింది. ఇల్లు మాత్రం దాళ్వా అయ్యాక అంటూ వాయిదా పడుతూనే వచ్చింది. ఒక ఏడు తాతయ్య జబ్బు, ఒక ఏడు నా చదువు, ఒక ఏడు తుఫానుకి చేలు మునిగాయి. నాన్న పోయేదాకా ఆ డాబా లేవనే లేదు. తర్వాత స్థలంతో సహా షెడ్డు ఎవరికో ఇచ్చేసి అమ్మని బాపట్ల తెచ్చుకున్నాను.

ఆ కథంతా మనసులో తిప్పుకుంటూ అమ్మతో రైలెక్కి తెనాలిలో దిగాను. సుధాకర్ షెడ్డు చూస్తే నోరు తెరిచి ఉండిపోవాల్సిందే. మట్టి పరీక్ష చేయించి, లోతుగా కాంక్రీటు పోసి, ఫ్యాక్టరీలో తయారై వచ్చిన ఇనప చట్రాల్ని క్రేనుతో నిలబెట్టి బోల్టులు బిగించారట. వారం తిరక్కుండా కప్పు వెయ్యడం కూడా అయిపోయిందట. ముహూర్తం సంగతి అడిగితే, "క్రేను ఎప్పుడు ఖాళీ అయితే అదే ముహూర్తం అక్కా," అన్నాడు. రెండు కోత మిషన్లు పక్కపక్కన నిలబడ్డా ఇంకా బోలెడు చోటుంది. కప్పులో ఏదో మెత్తటి పొర వేశారు, వాన పడినా చప్పుడు రాదట. నాన్న ఏళ్ళు పట్టి నిలబెట్టుకున్నది వీడికి రోజుల్లో అమరింది. నాకు గర్వంగానూ ఉంది, నాన్న చూడలేదే అని దిగులుగానూ ఉంది. అమ్మ నా చెయ్యి పట్టుకుని అన్నీ చూస్తూ నడిచింది. "బాగుందిరా. మీ నాన్న చూస్తే మురిసిపోయేవాడు," అంది.

సుధాకర్ మూలనున్న గది తలుపు తెరిచాడు. లోపల కొత్త మంచం, ఏసీ, కిటికీకి తెర. ఆ కిటికీలోంచి షెడ్డంతా కనబడుతోంది. "ఎవరికిరా ఇది?" అంది అమ్మ.

"నీకేనమ్మా. ఇక ఇక్కడే ఉండాల. అప్పుడు మనం ఉండలా, అట్టా."

అమ్మ మంచం మీద కూర్చుంది. కిటికీలోంచి మిషన్ల వైపు కాసేపు చూసింది. తర్వాత వాడి చెయ్యి పట్టుకుని, "నేను ఇక్కడ ఉండలేనురా," అంది.

"అదేంటమ్మా? అప్పుడు ఎంత బాగుండేది మనకి."

"మీకు బాగుండేది అబ్బాయ్. నాకు ఒక్క రోజు కూడా బాగుండేది కాదు." కోపంగా అనలేదు. కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు మామూలుగా అంది. "పొయ్యి దగ్గర కూర్చుంటే ఎవడో ఒకడు తెర ఎత్తి పానా అడిగేవాడు. ఒళ్ళు బాగాలేక పడుకుంటే మంచం పక్కనే బేరాలు. స్నానానికి వెళ్ళాలంటే షెడ్డులోంచి ఆఖరి బండి కదిలేదాకా ఆగేదాన్ని. మీ చెల్లెలు కడుపులో పోయినప్పుడు కూడా ఆ పట్టాల వెనకే పడుకున్నా. గట్టిగా ఏడవడానికి కూడా లేకపోయింది."

అట్లా ఒక చెల్లెలు పోయిందని మా ఇద్దరికీ అంతవరకూ తెలియదు. సుధాకర్ నేల మీద కూలబడి, ఎప్పుడూ లేంది మెల్లగా, "మరి నాన్నకి చెప్పలేదేంటమ్మా?" అన్నాడు.

"చెబితే షెడ్డు ఆపేసి ఇల్లు మొదలెట్టేవాడు. మళ్ళీ తెనాలి పోయి వాళ్ళ చేత ఏరా అనిపించుకునేవాడు. ఆయన్ని అట్టా చూడలేనురా నేను." వాడి తల నిమిరింది. "నీ దగ్గర ఉంటా. ఇంట్లో ఉంటా. ఇక్కడ వద్దు."

వాడు లేచి ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని పక్కనున్న ఇంట్లోకి నడిపించాడు. మా మరదలు తమ పడకగదిలో దుప్పటి మార్చి, దిండు సర్ది, మంచినీళ్ళు పెట్టి వచ్చింది. అమ్మ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు మాకు వినబడింది. బాపట్లలోనూ ప్రతి మధ్యాహ్నం అంతే, పడుకునే ముందు గడియ పెట్టుకుంటుంది. ఈ వయసులో లోపల పడిపోతే ఏంటి గతి, తలుపు పగలగొట్టాలా అని ఇన్నేళ్ళూ రోజూ దెబ్బలాడుతూనే ఉన్నాను. మరదలు కంగారుపడి తలుపు తట్టబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.